రెండో సగం కోసం ఆగిన పెదనాన్న

సినిమా చూసిన పూటల్లా పిల్లల చదువు పాడవుతుందని అంటారు కదా, ఆ మాటకు మీ దగ్గరున్న ఆధారం ఏమిటి? మీరు కళ్ళారా చూసిందా, ఎవరో అనగా విన్నదా, లేక టీవీ ఆపేయడం తేలిక గనుక నమ్ముతూ వచ్చినదా? డిగ్రీ చదివినన్నాళ్ళూ డిబేట్ పోటీల్లో నిలబడి మాట్లాడిన అలవాటు కొద్దీ ఇలా అడుగుతున్నాను. ఎవరినీ బోనెక్కించాలని కాదు. నా పక్షాన నాకున్న ఆధారం ఒకే ఒక్క చలికాలం. ఒక్క చలికాలం మీద ఏ సిద్ధాంతమూ నిలబడదని నాకూ తెలుసు. అయినా అది నేను గడిపిన కాలం. దాని గురించి సాక్ష్యం చెప్పే హక్కు నాకుంది.

ఈ డిసెంబరులో గురజాలలోని మా ఇంటికి వెళ్ళినప్పుడు ఆ చలికాలం మళ్ళీ గుర్తుకొచ్చింది. కారంపూడి నుంచి పెదనాన్న వాళ్ళు కూడా వచ్చి ఉన్నారు. పెదనాన్న మనవరాలు హర్షిత ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. ఎక్కడో దూరాన హాస్టల్లో ఉంటుంది, నాలుగు రోజుల సెలవులకు వచ్చింది. అరుగు మీద ఎండలో కూర్చుని ఫోనులో సినిమా చూస్తోంది. చూస్తోంది అనడం కూడా సరికాదు. పాటలు దాటేస్తోంది, మిగతా సినిమాను వేగం పెంచి పరిగెత్తిస్తోంది. మనుషులు కీచుగొంతులతో ఏడుస్తున్నారు, కీచుగొంతులతోనే పెళ్ళి చేసుకుంటున్నారు. "ఎందుకే అంత తొందర?" అని అడిగాను. తలెత్తకుండానే చెప్పింది: "సోమవారం పంపించేస్తారుగా అత్తా. అప్పటికి నాలుగన్నా అయిపోవాల." ఆ పిల్ల సినిమాలను కూడా సిలబస్‌లాగా పూర్తి చేస్తోందని అప్పుడు అర్థమైంది. పక్కన కూర్చున్నాను గానీ నా మనసు ఆ ఫోను మీద నిలవలేదు.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా పచ్చకామెర్లు వచ్చి హాస్టల్ నుంచి ఇంటికి చేరాను. నాన్న వచ్చి నన్ను బస్సులో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. దారి పొడవునా ఆయన భుజం మీద తల పెట్టి పడుకున్నాను. ఆయన చొక్కాకు ఎప్పుడూ ఉండే సిమెంటు వాసన వల్లే ఇల్లు దగ్గరపడుతోందని తెలిసింది. దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఆయన ఎలక్ట్రీషియన్. షిఫ్టుల మనిషి గనుక ఆయన నిద్రకూ మెలకువకూ మా ఇంట్లో వేళాపాళా ఉండేది కాదు. నరసరావుపేట డాక్టరు గారు రక్తం చూసి, చదువు మాట తర్వాత, ముందు పిల్లను కదలకుండా పడుకోబెట్టండి అన్నారు. పెదనాన్న ఫోనులో విని, సరే, కొత్త సంవత్సరం రాగానే నేనే కారులో తీసుకెళ్ళి దింపుతాను అన్నాడు. ఆ హాస్టల్లో నాకు సీటు ఇప్పించింది ఆయనే. మా ఇంట్లో ఇంజనీరు పుట్టబోతోందని మండలమంతా చెప్పుకున్నదీ ఆయనే. ఆయన మాట మా ఇంట్లో ఎవరూ కాదనరు. నాకు మాత్రం తిరిగి వెళ్ళాలని లేదు. ఆ మాట ఎలా చెప్పాలో, ఎవరితో చెప్పాలో తెలియదు. పైకి హాయిగా కనిపించిన ఆ రోజులన్నిటి అడుగునా ఈ ఒక్క బెంగ ఉండేది.

అయినా ఆ రోజులు హాయిగానే గడిచాయి. పొద్దున మంచు విడిచేదాకా నన్ను దుప్పట్లోంచి బయటికి రానిచ్చేవారు కాదు. మా ఇంట్లో నేలంతా నాపరాయి, డిసెంబరులో కాలు పెడితే జివ్వుమనేది. పెరట్లో పత్తికట్టె మండించి నాయనమ్మ నీళ్ళు కాచేది. ఆ పొగ వాసన నీళ్ళకూ, ఆ నీళ్ళతో ఉతికిన గుడ్డలకూ, చివరికి నా ఫిజిక్సు పుస్తకానికీ పట్టింది. ఎండ అరుగు మీదికి రాగానే నవారు మంచం వాల్చి నన్ను దాని మీదికి చేర్చేవాళ్ళు. ఎండ జరిగితే మంచమూ జరిగేది. అమ్మ లోపల మిషను మీద జాకెట్లు కుట్టేది. ఆ చప్పుడు ఆగిందంటే దారం తెగిందనో, ఎవరో వచ్చారనో అర్థం. పథ్యం మాత్రం శిక్షే. పల్నాడులో పుట్టిన మనిషికి కారం లేని మజ్జిగన్నం, ఉప్పు కూడా సరిగ్గా వేయని ఉడకబెట్టిన సొరకాయ పెడితే రోగం తగ్గేలోపే ప్రాణం విసుగెత్తుతుంది. పక్కింటి సువార్త పిన్ని క్రిస్మస్‌కు అరిసెలు వండి పళ్ళెం నిండా తెచ్చి, నన్ను చూసి నాలిక కరుచుకుని, "నీ వాటా దాస్తాలే బంగారం, మార్చిలో తిందువు" అంది. మార్చిదాకా అరిసెలు ఎక్కడ ఉంటాయని నేనడిగితే, "వాసన చూపిస్తా" అంది.

పథ్యం లేనిది సినిమా ఒక్కదానికే. నాన్న ఫ్యాక్టరీలో ఎవరి దగ్గరో పెన్‌డ్రైవ్‌లో పాత సినిమాలు వేయించుకొచ్చాడు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ముందు గదిలో టీవీ పెట్టేవాళ్ళం. అయితే మా ఇంట్లో సినిమా చూడడానికి ఒక పద్ధతి ఉంది. అది ఇంకెక్కడా ఉన్నట్టు నేను వినలేదు. తెర మీద ఇంటర్వెల్ అని పడగానే నాయనమ్మ రిమోట్ తీసుకుని టీవీ ఆపేసేది. రెండో సగం మరునాటి మధ్యాహ్నమే. దీని వెనక కథ కూడా ఆమే చెప్పింది. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో ఊరి చివర డేరా వేసి సినిమాలు ఆడేవాళ్ళట. రాత్రి పొలానికి నీళ్ళు కట్టడానికి పోయే మామగారికి అన్నం పెట్టాలి గనుక, ఇంటర్వెల్ గంట కొట్టగానే ఆమె లేచి రావాలి. అలా కొన్నేళ్ళపాటు ఆమె చూసినవన్నీ మొదటి సగాలే. మిగతా సగాన్ని పొయ్యి దగ్గర కూర్చుని, తోడికోడలికి తనే అల్లి చెప్పేది. తర్వాతెప్పుడో పూర్తి సినిమాలు చూసే వీలు కలిగాక ఆమెకు పెద్ద ఆశాభంగమైందట. "నేను జెప్పిన కథలే బాగుండియ్యి. వాళ్ళు తీసినయ్యి ఏమున్నయ్యి, చివర్న పోలీసులు రావటమేగా" అనేది.

ఆ అలవాటును ఆమె మా మీద రుద్దింది. టీవీ ఆగగానే రెండో సగంలో ఏం జరుగుతుందో ఒక్కొక్కరూ చెప్పాలి. చెప్పి ఊరుకుంటే కుదరదు. "ఎందుకు?" అనేది ఆమె మొదటి ప్రశ్న. విలన్ మారిపోతాడని నేనంటే, ఎందుకు మారతాడు, ఏ మాటను బట్టి అంటున్నావు, మొదటి సగంలో అట్టాంటి లక్షణం ఏం కనబడింది అని అడిగేది. అమ్మ మిషను ఆపకుండానే లోపల్నుంచి తన మాట చెప్పేది. నాన్న ఎప్పుడూ హీరో తల్లి చచ్చిపోతుందనే చెప్పేవాడు, చాలాసార్లు అదే జరిగేది. నెమ్మదిగా నాయనమ్మ ఈ పద్ధతిలోకి నా చదువును కూడా లాక్కొచ్చింది. రెండో సగం కావాలంటే ఈలోపు ఒక పాఠం చదవాలి, చదివింది ఆమెకు చెప్పాలి. ఆమె చదివింది ఐదో తరగతి. పాఠం అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పడానికి ఆమెకు సిగ్గు లేదు, అర్థమయ్యేలా చెప్పలేకపోతే నాకు సినిమా లేదు. హాస్టల్లో నేను పొద్దున ఐదింటి నుంచి చదివేదాన్ని గానీ, నన్ను ఎందుకని అడిగినవాళ్ళు లేరు. ఏ ప్రశ్న వస్తుంది, ఎన్ని మార్కులకు వస్తుంది అనేదే అక్కడి లెక్క.

కొత్త సంవత్సరం రెండు రోజులుందనగా, మేము సినిమా మధ్యలో ఉండగా పెదనాన్న కారు వచ్చి ఆగింది. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి నేను మంచం మీద రగ్గు కప్పుకుని ఉన్నాను, ఒళ్ళో పుస్తకం, ఎదురుగా టీవీ. మిషను చప్పుడు ఆగింది.

"ఏందిది? పరీక్షలు నెత్తి మీదుంటే పట్టపగలు సినిమానా?" అన్నాడు.

"అరవమాక. నీ తమ్ముడు రాత్రి డ్యూటీ దిగొచ్చి పండుకున్నాడు," అంది నాయనమ్మ. "కాళ్ళు కడుక్కోనొచ్చి కూకో. అన్నం తిన్నావా?"

"అన్నం సంగతి తర్వాత. పిల్ల సామాన్లు సర్దమను. ఒకటో తారీకు జనం ఉంటారని ఇయ్యాలే వచ్చా. పొద్దుగూకే లోపు దింపి రావాల."

"సర్దుతారులే. తిని కూకో ముందు."

అమ్మ కంచం తెచ్చి ఇచ్చింది. ఆయన టీవీకి ఎదురుగా కుర్చీ లాక్కుని, మా అందరి మీదా కోపంగా, అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాడు. ఆ రోజు సినిమా కోర్టు కథ. తమ్ముడు హత్య కేసులో ఇరుక్కున్నాడు, అతనికి వ్యతిరేకంగా వాదించే లాయరు సొంత అన్నే. పెదనాన్నకు పంచాయితీలంటే ప్రాణం. గట్టు తగాదాలనుంచి మొగుడూ పెళ్ళాల గొడవల దాకా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. కాసేపటికి ఆయన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తెర మీద తల్లి సాక్షిగా బోనెక్కింది. ఏ కొడుకు వైపు చెబుతుందో తెలియదు, నోరు తెరవబోయింది, ఇంటర్వెల్ పడింది. నాయనమ్మ టీవీ ఆపేసింది.

"ఏందమ్మా, తీసేశావేంది?"

"ఇంటర్వెల్."

"అయితే ఏంది? ఎయ్యి."

"అమ్మాయి పాఠం చదివి నాకు జెప్పాల. తరవాత రేపు మద్దేనం."

"రేపా? నేనేమన్నా చిన్నపిల్లోడినా?"

"సినిమా కాడ అందరూ ఒకటే. నువ్వు జెప్పు, ఆ తల్లి ఏం జెప్పుద్ది?"

"తమ్ముడు ఆ పని చెయ్యలా. చూస్తే తెలవట్లా?"

"ఎందుకు?"

పెదనాన్న తీర్పు చెబితే ఎందుకని అడిగేవాళ్ళు కారంపూడిలో ఎవరూ లేరు. ఆయన అన్నం మళ్ళీ కలుపుతూ, "వాడి మొకం అట్టా లేదు," అన్నాడు. "మొకాలు జూసే జెప్తన్నావా ఊళ్ళో పంచాయితీలు కూడా?" అంది నాయనమ్మ. లోపల మిషను మళ్ళీ మొదలైంది. అమ్మ నవ్వు వినబడకుండా ఉండడానికే మొదలైందని నా నమ్మకం.

నేను పుస్తకం తీసుకుని అరుగు మీదికి వెళ్ళాను. సామాన్ల మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. నాలుగింటికి నాయనమ్మ పాఠం వినడానికి వచ్చి కూర్చుంటే, ఆయన కూడా వచ్చి స్తంభానికి ఆనుకున్నాడు. ఆ రోజు పాఠం డాప్లర్ ప్రభావం. శబ్దం చేసే వస్తువు మన వైపు వస్తున్నప్పుడు ఒక రకంగానూ, దూరంగా పోతున్నప్పుడు మరో రకంగానూ వినిపిస్తుంది. నాయనమ్మ పెదవి విరిచింది: "దూరం పోతే చప్పుడు తగ్గుద్ది. ఇందులో పుస్తకం రాసేంత వింతేముంది?" తగ్గడం వేరు, గొంతు మారడం వేరు అని ఆమెకు నచ్చజెప్పలేక తంటాలు పడ్డాను. ఇంతలో రోడ్డు మీద సిమెంటు లారీ ఒకటి హారను మోగిస్తూ వచ్చి, ఇల్లు దాటి, అలాగే మోగిస్తూ పోయింది. ముగ్గురం మాట్లాడకుండా విన్నాం. ఇల్లు దాటిన క్షణంలో ఆ హారను సన్నగొంతు నుంచి బొంగురు గొంతులోకి దిగింది.

"ఇంకోటి రానీ," అన్నాడు పెదనాన్న.

ఇంకొకటి వచ్చింది. తర్వాత ఇంకొకటి. "నిజమేనే అమ్మా, గొంతు మారతంది," అని వాళ్ళమ్మతో అని, నా వైపు తిరిగి అడిగాడు: "సరే, లారీ ఆగి ఉండి హారన్ కొడతా ఉంటే, మనం బండి మీద దాని పక్కనుంచి పోయామనుకో. అప్పుడు కూడా మారుద్దా?"

అది పాఠంలో తర్వాతి భాగం. నేను అక్కడిదాకా చదవలేదు. "మారుతుందనే అనుకుంటున్నా పెదనాన్నా. ఎందుకో మాత్రం రేపు చెప్తా," అన్నాను. నిజానికి హాస్టల్లో అయితే ఆ భాగాన్ని సూత్రంగా బట్టీ కొట్టి ఉండేదాన్ని, ప్రశ్నగా ఎదుర్కొనేదాన్ని కాదు. ఆయన తల ఊపి, ఫోను తీసి ఇంటికి చేశాడు: "కారు టైరు ఏందో తేడాగా ఉంది. రేపొస్తా." నాయనమ్మ నా వైపు చూడకుండా కొంగుతో మొహం తుడుచుకుంది.

మరునాడు పొద్దున, ఎండ అరుగు మీదికి వచ్చాక, ఆయన కాఫీ తాగుతుండగా నేను అడిగాను. ఆయన పంచాయితీల్లో ఒక కట్టుబాటు ఉండేది. మాట్లాడేవాడు తన మాట అయిపోయిందని తనే చెప్పేదాకా ఇంకొకరు నోరెత్తకూడదు, పెద్దమనిషి కూడా. అయితే ఆడపిల్లల సంగతి వస్తే వాళ్ళ తరఫున తండ్రో అన్నో మాట్లాడడమే అక్కడి రివాజు. "పెదనాన్నా, నా సంగతి తేల్చే ముందు నన్నే ఒక పక్షంగా పిలిచి వింటావా?" అన్నాను. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన నాన్న చెప్పులు విడవకుండా మెట్టు మీదే నిలబడిపోయాడు. పెదనాన్న గ్లాసు కింద పెట్టి, "జెప్పు," అన్నాడు.

చెప్పాను. హాస్టల్ చెడ్డదని అనలేదు. నా పక్క మంచం పిల్లది బెల్లంకొండ. వాళ్ళది ఒకే గది ఇల్లు, ఆ పిల్లకు చదువుకునే చోటు దొరికింది హాస్టల్లోనే. అది బాగా చదువుతోందని చెప్పాను. నా సంగతి వేరని చెప్పాను. నాకు జ్వరం మొదలైనప్పుడు ఎవరికీ చెప్పలేదని, వారాంతపు పరీక్ష రాయకపోతే కింది సెక్షనులో వేస్తారన్న భయంతో కళ్ళు పచ్చబడేదాకా వెళ్ళి రాశానని, ఆ రాసిన దాంట్లో ఒక్క ముక్క ఇప్పుడు గుర్తు లేదని చెప్పాను. ఇంట్లో రోజుకు ఒక్క పాఠమే అవుతోందని, కానీ ఆ పాఠాన్ని ఎవరు ఎటు నుంచి అడిగినా చెప్పగలనని, నిన్న అడిగిన ప్రశ్నకు జవాబు కూడా తెచ్చానని చెప్పాను. నా మాట అయిపోయిందన్నాను.

"మరి నలుగురూ అడిగితే నేనేం జెప్పేది?" అన్నాడు పెదనాన్న. ఆ గొంతులో కోపం లేదు. ఆయన పరువు కూడా ఈ సంగతిలో ఒక పక్షమేనని నాకు అప్పుడు తెలిసింది.

"పిల్లకు బాగలేక ఇంటికాడ ఉందని జెప్పు. అబద్ధమా?" అంది నాయనమ్మ.

"నువ్వు ఉండమ్మా." నాన్న వైపు చూశాడు. "ఏరా, నీకు సమ్మతమేనా?"

నాన్న అన్నకు ఎదురు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు కూడా ఎదురు చెప్పలేదు. "దాని కళ్ళు నువ్వు చూళ్ళేదన్నా అప్పుడు. నేను చూశా," అన్నాడు.

తీర్పు మధ్యేమార్గంగానే వచ్చింది. ప్రీఫైనల్స్ దాకా ఇంట్లో ఉండాలి, ప్రాక్టికల్సుకు వెళ్ళి రావాలి, మార్కులు తగ్గితే మారు మాట్లాడకుండా కారెక్కాలి. ఒప్పుకున్నాను. జవాబు చెప్పమన్నాడు. ఆగి ఉన్న లారీ వైపు మనం పోతుంటే తరంగాలకు మనమే ఎదురుపోతాం గనుక గొంతు సన్నబడుతుందని, దాటాక బొంగురుపోతుందని చెప్పాను. మధ్యాహ్నం రెండో సగం చూసి వెళ్ళాడు. తల్లి ఏ కొడుకు వైపూ చెప్పకుండా బోనులోనే స్పృహ తప్పి పడిపోయింది. ఇంత దానికి ఒక రోజు ఆగానా అని ఆయన కారు దాకా గొణుక్కుంటూనే నడిచాడు.

మార్కులు తగ్గలేదు. ఆకాశానికి ఎగిరిందీ లేదు. నేను ఇంజనీరును కాలేదు. డిగ్రీకి నరసరావుపేట వెళ్ళి, అక్కడ డిబేట్ పోటీలో మొదటిసారి వేదిక ఎక్కినప్పుడు, అవతలి పక్షం వాదన తొణక్కుండా వినగలగడానికి కారణం మా ముందు గదేనని నాకు తెలుసు. సినిమాలు నాకు మార్కులు తెచ్చాయని నేను వాదించను. అది రుజువు కాదు. రోజులో కొంత ఖాళీ, ఆ ఖాళీలో పక్కన మనుషులు, వాళ్ళు అడిగే ఎందుకులు ఉంటే చదువు చెడలేదని మాత్రం గట్టిగా చెప్పగలను. ఆ ఖాళీ ఇప్పుడు ఇళ్ళలో తగ్గింది. అప్పుడు ఇంటిల్లిపాదికీ ఒక తెర ఉండేది, ఇప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో తెర. నాయనమ్మ రెండేళ్ళ కింద పోయింది. ఆ తర్వాత మా ఇంట్లో సినిమాలు ఆపకుండా చివరిదాకా నడుస్తున్నాయి, అయిపోయాక ఎవరూ ఏమీ అనుకోవడం లేదు.

హర్షిత వెళ్ళే ముందు రోజు పెదనాన్న నన్ను పక్కకు పిలిచాడు. "మీ అన్న నా మాట ఇనట్లా. పిల్ల అన్నం కూడా సరిగ్గా తినట్లేదు. మాట్లాడటం నేర్చినదానివి గదా, నువ్వు జెప్పు వాడికి, ఇంటికాడే ఉంచమని." నేను చెప్పనన్నాను. ఆ పిల్ల తరఫున మాట్లాడితే నేనూ రివాజు ప్రకారం నడిచినట్టే అవుతుంది. ఆ పిల్లనే పిలిచి విందామన్నాను. అందరం అరుగు మీద కూర్చున్నాం. హర్షిత వాళ్ళ నాన్న, అంటే మా అన్నయ్య, రెండుసార్లు మధ్యలో అడ్డు రాబోతే పెదనాన్న చెయ్యెత్తి ఆపాడు. హర్షిత మొదట నేల చూపులు చూసింది, తర్వాత నెమ్మదిగా చెప్పింది. తనకు హాస్టల్ కావాలట. స్నేహితులు అక్కడే ఉన్నారట. తనకు వద్దనిపించేది ఒక్కటే: ఆదివారం ఆదివారం ఫోనులో అన్నం తిన్నావా అనే మాట కన్నా ముందు మార్కులు అడగడం. పెదనాన్న నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. అప్పటిదాకా మేమిద్దరం ఆ పిల్లకు ఏం కావాలో మాకు తెలుసనే అనుకున్నాం.

ఈ సెలవుల్లో మీ ఇంటికీ ఒక పిల్లో పిల్లవాడో వచ్చి ఉంటే, తిరుగు ప్రయాణానికి సంచి సర్దకముందే ఒక పూట వాళ్ళ పక్కన కూర్చోండి. నీకు ఏం కావాలి, ఎందుకు కావాలి అని అడగండి. జవాబు మీరు అనుకున్నట్టు ఉండకపోవచ్చు. మధ్యలో దిద్దకండి. చివరిదాకా వినండి, ఆ తర్వాతే నిర్ణయించండి.